కాలు విరిగి ఇంట్లో ఉన్నన్నాళ్లూ మనసు కుంగకుండా: మంచం వేసుకునే చోటు నుంచి మళ్లీ గడప దాటేదాకా

మా వాకిట్లో నీళ్లు చల్లిన కడప బండల మీద జారిపడి నా ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. రాడ్ వేశారు. మూడు నెలలు ఇల్లు కదల్లేదు. అప్పటి నుంచి తెలిసినవాళ్ల ఇళ్లలో ఎవరికి ఎముక విరిగినా నాకు ఫోన్ వస్తోంది. ఏ మాత్ర వేసుకోవాలని కాదు. "ఊరికే ఏడుపొస్తోందక్కా", "ఆయన ఎవరితోనూ మాట్లాడడం లేదు", "రాత్రంతా మేలుకునే ఉంటున్నాడు" అని. ఒక్కొక్కరికీ అదే చెప్తున్నాను కాబట్టి వరుసగా రాసి పెడుతున్నాను.

మనసును పట్టుకుని "ధైర్యంగా ఉండు" అంటే అది వినదు. పొద్దు ఎప్పుడు మొదలైందో ఎప్పుడు గడిచిందో తెలియకపోవడం, గ్లాసుడు నీళ్లకు కూడా ఒకరిని పిలవాల్సి రావడం, ఈ రెండూ నొప్పి కన్నా ఎక్కువగా మనిషిని కుంగదీస్తాయి. అందుకే ఇందులో ఎక్కువ భాగం మంచం, నీళ్లు, బాత్రూం, గంటల గురించే ఉంటుంది. వాటిని సర్దితే మనసు చాలావరకు తేలికపడుతుంది. అలా సర్దినా తేలిక పడకపోతే ఏం చేయాలో 9వ భాగంలో ఉంది. ఇప్పటికే బతకాలని లేదనే ఆలోచన వస్తుంటే ముందు అదే చదవండి.

1. ఆసుపత్రి నుంచి బయల్దేరే ముందు తేదీలు అడగండి

డిశ్చార్జి రోజు హడావుడిలో బిల్లు, మందులు తప్ప ఇంకేమీ అడగం. ఇంటికొచ్చిన రెండో రోజు నుంచి "ఇంకా ఎన్నాళ్లు?" అన్న ప్రశ్న తొలవడం మొదలవుతుంది. మణికట్టు ఎముకకు సుమారు 6 వారాలు సరిపోవచ్చు. మోకాలి కింద పెద్ద ఎముక పూర్తిగా గట్టిపడడానికి 4 నుంచి 6 నెలలు పట్టడం మామూలే. ఈ సంగతి అప్పట్లో నాకు తెలియదు. నెలలో లేచి తిరుగుతానని నాకు నేనే అనుకున్నాను. నెల దాటిన రోజు పొద్దున్నే లేచి ఏడ్చాను. కాలు బాగానే మానుతోంది. నేను పెట్టుకున్న గడువే తప్పు.

డాక్టరును అడిగి కాగితం మీద రాసుకోవాల్సినవి:

- కాలు కింద ఎప్పుడు ఆనించొచ్చు? ఎంత బరువు వేయొచ్చు?
- ఏ వ్యాయామాలు ఈ రోజు నుంచే చేయొచ్చు?
- మళ్లీ ఎక్స్‌రే ఎప్పుడు?
- నొప్పి మాత్రలు ఎన్ని రోజులు, ఏ వేళకు? మగత, మలబద్ధకం వస్తాయా?
- ఏది కనిపిస్తే వెంటనే రావాలి?

ఇదివరకే మనసుకు, నిద్రకు మందులు వాడుతున్నవాళ్లు ఆ చీటీ కూడా తప్పకుండా చూపించండి. కొన్ని నొప్పి మాత్రలు వాటితో పడవు.

2. మంచం ఎక్కడ వేయాలి

మన ఇళ్లలో జబ్బుపడిన మనిషిని వెనక గదిలో పడుకోబెట్టడం అలవాటు. విశ్రాంతి దొరుకుతుందని ప్రేమతోనే చేస్తారు. కానీ వెనక గదిలో పొద్దు తెలియదు, ఇంట్లో మాటలు సగం సగం వినిపిస్తాయి, వంటింట్లో ఎవరో నవ్వితే మన గురించేమో అనిపిస్తుంది. నేను మొదటి పది రోజులు అలాంటి గదిలోనే ఉన్నాను. తర్వాత మా అత్త పట్టుబట్టి ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేయించింది. పాలవాడి బండి, బడి పిల్లలు, ఎదురింటి వాకిలి ముగ్గు కనిపించడం మొదలయ్యాక నాకు వారం రోజుల్లో ఏది ఏ రోజో మళ్లీ తెలిసింది.

ముందు గదిలో వేస్తే బట్టలు మార్చుకోవడానికి ఇబ్బంది. అడ్డంగా తాడు కట్టి పాత చీర వేలాడదీస్తే చాలు.

నులక మంచం, కింద పరుపు వద్దు. లేవడానికి వీలుగా కూర్చుంటే మోకాలి ఎత్తు ఉండే మంచం కావాలి. తక్కువ ఎత్తుదే ఉంటే కదలకుండా ఉండే దిమ్మెల మీద ఎత్తించండి.

చేయి చాపితే అందాల్సినవి:

- మూత ఉన్న నీళ్ల సీసా, గ్లాసు
- ఫోన్, పొడవైన ఛార్జర్ తీగ
- కళ్లద్దాలు, దువ్వెన, చిన్న అద్దం, తువ్వాలు
- ఈ రోజు వేసుకోవాల్సిన మాత్రలు మాత్రమే (మొత్తం పెట్టె వద్దు)
- నోటు పుస్తకం, పెన్ను
- పిలవడానికి గంట. పూజ గంట కాకుండా వేరేది కొనండి
- ఛార్జింగ్ ఫ్యాను, టార్చి

దువ్వెన, అద్దం చిన్న విషయాలని వదిలేయకండి. మూడు రోజులు తల దువ్వుకోకపోతే ఎవరైనా వస్తున్నారంటే ముఖం దాచుకోవాలనిపిస్తుంది.

కడపలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సిమెంట్ కట్టు లోపల చెమట, దురద, పైగా కరెంటు పోతే చిరాకు మనిషి మీదికి మళ్లుతుంది. మంచం పడమటి గోడకు దూరంగా ఉండాలి. దురదకు పుల్లలు, స్కేళ్లు కట్టులోకి దూర్చొద్దు. లోపల పుండు పడుతుంది. ఫ్యాను గాలి కట్టు అంచు వైపు తిప్పండి.

3. బాత్రూం సంగతి

దీని గురించి ఎవరూ మాట్లాడరు. నాతో ఫోన్‌లో ఏడ్చిన వాళ్లలో ఎక్కువ మంది చివరికి చెప్పుకున్నది మాత్రం ఇదే. కోడలిని అడగలేని మామ, భర్తతో చేయించుకోలేని భార్య, కొడుకు ముందు సిగ్గుపడే తల్లి. అడగాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. దాంతో మలబద్ధకం, తలనొప్పి, నీరసం, మూత్రంలో మంట. మూడో రోజుకు "నేను బతికి ఎవరికి లాభం" అనే మాట వస్తుంది. నీళ్లు మానేయడంతో మొదలైన బాధ ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి.

ఇలా చేయండి:

1. మొదటి రోజే కమోడ్ కుర్చీ తెప్పించండి. సర్జికల్ దుకాణాల్లో దొరుకుతుంది. అద్దెకు ఇస్తారేమో కూడా అడగండి. నేల మీది దొడ్డి ఉన్న ఇళ్లలో ఇది లేకుండా కుదరదు.
2. సాయం చేసే మనిషి ఎవరో ముందే తేల్చుకోండి. మీకు సిగ్గు తక్కువగా ఉండే మనిషిని మీరే ఎంచుకోండి. ఇంట్లో ఎవరూ కుదరకపోతే రోజుకు ఒక గంట ఆయాను పెట్టుకోవడం తప్పేమీ కాదు.
3. పొద్దున ఒకే వేళకు వెళ్లండి. గోరువెచ్చని నీళ్లు తాగాక అరగంటకు చాలామందికి అలవాటవుతుంది.
4. నీళ్లు తగ్గించొద్దు. సాయంత్రం ఆరు లోపల ఎక్కువ తాగి, రాత్రి కొద్దిగా తాగండి.
5. వాకర్ నడిచే దారి తడి లేకుండా తుడిపించండి. మన బండలు తడిస్తే అద్దమే. రెండోసారి పడతామన్న భయం తగ్గాలంటే నేల పొడిగా ఉండాలి.

మలబద్ధకం మూడు రోజులు దాటితే డాక్టరుకు చెప్పండి. నొప్పి మాత్రల వల్ల కావచ్చు.

4. రోజుకు నాలుగు మేకులు కొట్టండి

పెద్ద టైంటేబుల్ వద్దు. రెండో రోజే తప్పిపోతుంది, తప్పిందని ఇంకో దిగులు. రోజులో నాలుగు పనులకు మాత్రం వేళ మారకూడదు: లేవడం, ఒళ్లు తుడుచుకుని బట్టలు మార్చుకోవడం, చేయమన్న వ్యాయామం, పడుకోవడం. మిగతావి ఎటు జరిగినా పర్వాలేదు.

నేను పాటించింది ఇది:

- 6:30 లేవడం, కిటికీ తెరిపించడం
- 7:30 ఒళ్లు తుడుచుకోవడం. పగటి బట్టలు వేసుకోవడం. రాత్రి నైటీతో పగలంతా ఉండకూడదని నాకు నేనే పెట్టుకున్న షరతు
- 11:00 నొప్పి మాత్ర వేసుకున్న గంటకు వ్యాయామం
- 4:00 ఒక పని
- 9:30 దీపం ఆర్పడం

నాలుగు గంటల పని గురించి కొంచెం చెప్పాలి. మంచంలో ఉన్న మనిషికి టీవీ ఇస్తారు, ఫోన్ ఇస్తారు, పని మాత్రం ఇవ్వరు. ఇంటికి పనికొచ్చే పని కావాలి. నేను చింతపండులో గింజలు తీశాను, చెనిక్కాయలు ఒలిచాను, బియ్యం ఏరాను, ఇంటి లెక్కలు రాశాను, మా వాడికి ఎక్కాలు అప్పజెప్పించాను. చెనిక్కాయలు ఒలిచిన రోజు రాత్రి వాటితో నూరిన ఊరిబిండి పచ్చడి వేసుకుని సంగటి తింటుంటే, ఎన్నాళ్లకో నేను కూడా ఈ ఇంటి మనిషినే అనిపించింది. చేయి విరిగినవాళ్లు కూరగాయల లెక్క, కరెంటు బిల్లు, చుట్టాలకు ఫోన్లు లాంటివి తీసుకోండి.

అలుపు వచ్చేదాకా చేయొద్దు. నొప్పి తగ్గిన రోజు అన్నీ ఒకేసారి చేసి, మర్నాడు లేవలేక "వెనక్కి పోయాను" అని కుంగడం అందరూ చేసే తప్పు. బాగున్న రోజూ బాగోలేని రోజూ దాదాపు ఒకే కొలతలో చేయండి.

తిండి గురించి క్లుప్తంగా: రాగి సంగటి, పప్పు, గుడ్డు, పెరుగు వేళకు తినండి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బీడీ, సిగరెట్ ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తాయి. నొప్పి మాత్రలు వేసుకుంటూ మద్యం తాగడం ప్రాణానికే ప్రమాదం.

5. అడిగే పద్ధతి మార్చుకోండి

"ఎవరూ నన్ను పట్టించుకోవట్లేదు" అంటే ఎదుటివాళ్లకు ఏం చేయాలో తెలియదు, నింద మాత్రం తగులుతుంది. పని, వేళ చెప్పండి.

- "నీళ్లు కూడా ఇచ్చే దిక్కులేదు" అనొద్దు. "అత్తా, పదింటికి సీసా ఒకసారి నింపి పెడతావా?" అనండి.
- "నా దగ్గర ఎవరు కూర్చుంటారులే" అనొద్దు. "అన్నం తిన్నాక పది నిమిషాలు ఇక్కడ కూర్చో" అనండి.
- "పర్వాలేదు, నొప్పి లేదు" అని అబద్ధం చెప్పొద్దు. సున్నా నుంచి పది వరకు అంకె చెప్పండి. మా ఇంట్లో పిల్లాడు కూడా "ఈరోజు ఎంతమ్మా?" అని అడిగేవాడు. "నాలుగు" అంటే వాడికి అర్థమయ్యేది.

చిన్న చిన్న పనులకు ఇరవై సార్లు పిలిచే బదులు, గుర్తొచ్చినవన్నీ రాసుకుని పూటకొకసారి చెప్తే ఇద్దరికీ విసుగు తగ్గుతుంది. అత్యవసరమైనవి మాత్రం ఆపుకోవద్దు.

6. పలకరించడానికి వచ్చేవాళ్లు

చీనీకాయలు, బ్రెడ్ పట్టుకుని వస్తారు. ప్రేమతోనే వస్తారు. "ఎట్లుండాదమ్మా కాలు? ఇంకా మానలేదా? మా పిన్నమ్మ కొడుకు రెండు నెలలకే బండి తోలినాడే!" అని కూర్చుంటారు. వాళ్లు వెళ్లాక రాత్రంతా ఆ పిన్నమ్మ కొడుకే గుర్తొస్తాడు.

వాళ్లను ఆపలేం, ఆపకూడదు కూడా. మనిషి ముఖం చూడకుండా నెలలు గడపడం ఇంకా చెడ్డది. వేళ మాత్రం మన చేతిలో ఉంచుకోవాలి:

1. "సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర మధ్య రండి, అప్పుడు కూర్చోగలను" అని ఇంట్లోవాళ్లతో ఫోన్‌లోనే చెప్పించండి.
2. ఎలా పడ్డారో రోజుకు ఒక్కసారి కన్నా ఎక్కువ చెప్పొద్దు. నేను మొదటి వారంలో ముప్పై సార్లు చెప్పి ఉంటాను. చెప్పిన ప్రతిసారీ ఆ బండ మీద మళ్లీ జారినట్టే ఉండేది. తర్వాత మా ఆయన చెప్పేవాడు.
3. పోలికలు వస్తే: "విరిగిన చోటును బట్టి ఉంటుందంట పెద్దమ్మా, నాకు 18న ఎక్స్‌రే ఉంది, అప్పుడు తెలుస్తుంది." తేదీ చెప్తే చర్చ ఆగుతుంది. మీకు ఇచ్చిన తేదీ చెప్పండి.
4. మంచం అంచున కాలికి తగిలేలా కూర్చోనివ్వొద్దు. కుర్చీ ముందే వేయించండి.

పుత్తూరు కట్టు (నాటువైద్యులు ఎముకలకు కట్టే కట్టు) మాట రాకుండా మన సీమలో ఏ పలకరింపూ ముగియదు. ఆపరేషన్ చేసి రాడ్డో ప్లేటో వేశాక ఆసుపత్రి కట్టు విప్పి నాటు కట్టు కట్టించుకోవడం ప్రమాదం. మీలో అనుమానం కలిగితే దాన్ని రాత్రిళ్లు నమలకుండా నోటు పుస్తకంలో రాసి, మీ డాక్టరును అడగండి. నేను అలా తొమ్మిది ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. నాలుగు అడిగేసరికే గుండె బరువు దిగింది.

దగ్గరివాళ్లలో ఒకరిని పిలిచి "నా కాలి సంగతి వద్దు, ఊరి కబుర్లు చెప్పు" అనండి. వారానికి రెండుసార్లు అలాంటి మనిషి రావాలి.

7. రాత్రి

పగలు పడుకుని ఉంటాం కాబట్టి రాత్రి నిద్ర రాదు. అన్ని భయాలూ రెండు గంటలకే వస్తాయి.

- పగటి నిద్ర మధ్యాహ్నం మూడు లోపల, అరగంట మాత్రమే.
- సాయంత్రం తర్వాత టీ, కాఫీ వద్దు.
- కాలి కింద దిండ్లు ఎలా పెట్టాలో డాక్టరు చెప్పినట్టు పడుకునే ముందే సర్దించుకోండి.
- నొప్పితోనే మెలకువ వస్తుంటే రాత్రి మాత్ర వేళ మార్చొచ్చా అని డాక్టరును అడగండి. మీ అంతట మీరు ఇంకో మాత్ర వేసుకోవద్దు.
- మెలకువ వచ్చినప్పుడు గడియారం చూడొద్దు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. అయిదు నిమిషాలు చాలు.
- భయం ఒక్క వాక్యంగా రాయండి: "ఉద్యోగం పోతుందేమో." దాని కింద రేపు పగలు చేయాల్సిన ఒక పని: "పదింటికి ఆఫీసుకు ఫోన్." రాసి పుస్తకం మూసేయండి.

రాత్రి మాత్రం ఫోన్ మంచానికి దూరంగా పెట్టించండి. నేను రాత్రి రెండింటికి ఎముకల ఆపరేషన్లు చెడిపోయిన వీడియోలు చూశాను. ఒక్కటీ నా కాలికి సంబంధించింది కాదు. ఆకాశవాణి పెట్టుకుని కళ్లు మూసుకోవడం నాకు నయమనిపించింది.

8. ఐదో వారం

మొదట్లో ఇల్లంతా మన చుట్టూ ఉంటుంది. ఐదారు వారాలకు ఎవరి పనుల్లో వాళ్లు పడతారు, పలకరింపులు ఆగుతాయి, కాలు మాత్రం అలాగే కనిపిస్తుంది. నాకైతే ఎక్కువ కష్టమైంది ఇదే. ముందే తెలిసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

దీనికి మందు మొదటి రోజు నుంచి రాసుకున్న లెక్క. రోజుకు ఒక్క లైను: నొప్పి అంకె, ఎన్ని గంటలు నిద్ర, కొత్తగా చేయగలిగింది. "వేళ్లు కదిలాయి", "సాయం లేకుండా కూర్చున్నాను", "వాకర్‌తో కిటికీ దాకా". నిన్నటితో పోలిస్తే ఏమీ కనిపించదు. మూడు వారాల కిందటి పేజీ తీసి చూడండి.

చూసుకునేవాళ్లు అలిసిపోయేది కూడా ఈ వారంలోనే. విసుక్కుంటే ప్రేమ తగ్గిందని అనుకోకండి, నిద్ర తక్కువైంది. వారానికి ఒక పూట ఇంకెవరినైనా మీ దగ్గర ఉంచి వాళ్లను బయటికి పంపండి. మా అత్త ఆ పూట దేవుని కడప గుడికి వెళ్లొచ్చేది. వచ్చాక ఇద్దరికీ మాట్లాడుకోవడానికి కొత్త సంగతులు ఉండేవి.

9. ఇంట్లో సర్దుకుంటే సరిపోనివి

ముందుగా, టెన్షన్ అనుకుని వదిలేయకూడనివి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరినా ఇలాగే ఉంటుంది. పిక్క వాచి నొప్పెట్టినా, కట్టు కింద వేళ్లు నీలంగా, చల్లగా, తిమ్మిరిగా మారినా, మాత్రకు తగ్గని నొప్పి పెరుగుతున్నా, జ్వరంతో కుట్ల దగ్గర చీము కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తలకు దెబ్బ తగిలిన మనిషి మాట తడబడినా, వాంతులైనా, పొంతన లేకుండా ప్రవర్తించినా అది మనసు బాధ కాదు. వెంటనే చూపించాలి.

మనసుకు సంబంధించి డాక్టరును కలవాల్సిన గుర్తులు:

- రెండు వారాలుగా దాదాపు రోజూ దిగులుగా ఉండడం, లేదా ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి లేకపోవడం
- ప్రమాదం కళ్ల ముందు మళ్లీ మళ్లీ మెదలడం, పీడకలలు నెల దాటినా తగ్గకపోవడం
- తిండి, స్నానం, వ్యాయామం మానేయడం
- నిద్ర కోసం, ఊరట కోసం మాత్రలు పెంచుకుంటూ పోవడం

టెలీ మానస్ అంటే మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం. 14416 ఉచిత నంబరు. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మంచంలో నుంచే మాట్లాడొచ్చు కాబట్టి కదల్లేనివాళ్లకు ఇది నిజంగా పెద్ద సాయం. రిమ్స్ అని మనం పిలిచే కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కాలు చూపించుకోవడానికి వెళ్లిన రోజే అక్కడా చూపించుకోవచ్చు. "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. కాలుకు ఒక డాక్టరు, నిద్రకు, దిగులుకు ఒక డాక్టరు.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు ఆగొద్దు. ఇప్పుడే ఒకరితో చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్లు అలాంటి మాట వింటే కోప్పడొద్దు, ఒంటరిగా వదలొద్దు. మాత్రలు, పురుగుల మందు, తాళ్లు అందకుండా తీసేయండి. ప్రాణాపాయం ఉందనిపిస్తే 108 లేదా 112.

10. మళ్లీ గడప దాటడం

నడవమని డాక్టరు చెప్పాక కూడా చాలామంది ఇంట్లోనే ఉండిపోతారు. ఎముక అతుక్కున్నా భయం పోదు. దాన్ని మెట్లు మెట్లుగా దాటాలి. ఒక్కో మెట్టు మీద భయం సగానికి తగ్గేదాకా రోజూ అదే చేయండి.

1. గడప దగ్గర కుర్చీ వేసుకుని పావుగంట కూర్చోవడం.
2. పక్కన మనిషిని పెట్టుకుని వాకిట్లోకి నాలుగు అడుగులు.
3. వీధి చివరి దాకా, జనం తక్కువ ఉన్న పొద్దుటి పూట.
4. ఆటోలో దగ్గరి చుట్టాల ఇంటికి.
5. ప్రమాదం జరిగిన చోటికి, తోడుతో. బండి మీద పడ్డవాళ్లయితే ముందు ఆగి ఉన్న బండి మీద కూర్చోవడం, తర్వాత వెనక కూర్చుని వెళ్లడం, డాక్టరు ఒప్పుకున్నాకే తోలడం.

ఒక మెట్టు దగ్గర కాళ్లు వణికితే ఇంటికి పరుగెత్తకుండా అక్కడే నిలబడి, దేన్నైనా పట్టుకుని, 7వ భాగంలో చెప్పినట్టే ఊపిరి వదలండి. మర్నాడు దాని కిందటి మెట్టు చేసి మళ్లీ రండి.

నేను జారిన బండ మా వాకిట్లో తులసికోట పక్కనే ఉంది. అక్కడ నిలబడడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఇప్పుడు మా ఇంట్లో నీళ్లు చల్లాక బండలు ఆరేదాకా అటు ఎవరూ నడవరు. తులసికోట దాకా గరుకు గోనె పట్ట పరిచి ఉంటుంది.